మక్కీ పీట

కనకాచారికి ఉన్న చిక్కల్లా ఒక్కటే. అతని గుండు ఎన్నడూ గురి తప్పలేదు. అప్పుడప్పుడన్నా తప్పి ఉంటే మనిషి కాస్త బాగుపడేవాడేమో!

నిర్మల్ బజార్లో ఖైరుద్దీన్ ఉస్తాద్‌కు తుపాకుల మరమ్మతు దుకాణం ఉండేది. కనకాచారి మీసం మొలవకముందే అక్కడ పనికి చేరాడు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, అయినా ఉస్తాద్‌ను వదల్లేదు. తాతల నుంచీ కమ్మరం చేసే ఇల్లు వాళ్ళది. తండ్రి నాగలి కర్రులు సాగగొట్టి బతికాడు. కొడుకు చేతిలో ఆకురాయి ఆడుతుంటే ఇనుము వెన్నముద్దలా చెప్పినట్టు వినేది. ఆ మాట నలుగురూ అనేవాళ్ళు. నలుగురూ అననినాడు తనే అనుకునేవాడు.

ఆ దుకాణానికి ఒక పద్ధతి ఉంది. మరమ్మతు అయిన తుపాకీని పనివాడు కాల్చి చూసి ఇచ్చెయ్యడం కుదరదు. ఎవరి తుపాకీ వాళ్ళే వచ్చి, ఊరి బయట మట్టిదిబ్బ దగ్గర కాల్చి చూసుకోవాలి. గుండు పక్కకు పడితే, వాళ్ళు భుజాన పట్టిన తీరు చూసి ఉస్తాద్ మళ్ళీ పనికి కూర్చునేవాడు. కనకాచారికి ఇది వట్టి చాదస్తంగా కనిపించేది.

"ఉస్తాద్, గురి రానోడు వచ్చి కాలుస్తే తుపాకీ ఏం చేస్తది? వాని తప్పుకు మనం మళ్ళ ఆకురాయి పట్టుడేంది?" అని ఒకసారి అడిగేశాడు.

"అంగీ కుట్టెటోడు ఎవల భుజం కొలుస్తడు బేటా, తనదా?" అన్నాడు ఉస్తాద్. అంతకు మించి మాట్లాడలేదు. కనకాచారి కూడా అంతకు మించి ఆలోచించలేదు.

ఇక మాన్కు పటేల్ సంగతి. అడవి అంచున ఉన్న గోండుగూడేనికి ఆయన పెద్ద. జొన్నకంకి పాలు పోసుకునే వేళకు అడవిపందులు చేలమీద పడి రాత్రికి రాత్రి దున్నేసి పోతాయి. అప్పుడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ మాన్కు రైఫిలు కోసమే కబురు పెట్టేవి. పంది పడితే ఊరంతా వాటాలు వేసుకుంటారు, తలకాయ మాత్రం గుండు తగిలించినవాడిది. ఆ తలకాయ మాన్కు ఇంటికి కాక ఇంకో ఇంటికి పోయిన యాది ఎవరికీ లేదు. అంత పేరున్నా ఆయన నోట ఒక్కనాడు పెద్దమాట వినలేదెవరూ. ఆయనకూ మన చారికీ అదీ తేడా!

ఆ ఏడు వానలకు ముందు మాన్కు కాలు జారి బండమీద పడ్డాడు. మనిషికి ఏమీ కాలేదు గానీ రైఫిలు గొట్టం కొన రాయికి కొట్టుకుని మక్కీ పీట పగిలింది. గొట్టం చివర చిన్న ముక్క నిలబడి ఉంటుంది గదా, గురి చూసేది, దాన్ని ఆ బజార్లో మక్కీ అంటారు. ఈగ వాలినట్టు ఉంటుందని ఆ పేరు. అది కూర్చునేది పీట. గొట్టానికి ఉంగరంలా పట్టుకుని ఉంటుంది. పీట వెంట్రుకవాసి తిరిగిందంటే, దూరాన గుండు జానెడు పక్కకు పోతుంది.

మాన్కు రైఫిలు తెచ్చేసరికి ఉస్తాద్ ఊళ్ళో లేడు. దర్గాలో ఉర్సుకని పోయి, అటునుంచి అటే నాందేడులో కూతురింటికి వెళ్ళాడు. పోనీ, కనకాచారి లేడా? ఇనుపముక్క తీసుకుని, ఆకురాయితో రాకి, తొలిచి, కొత్త పీట చేశాడు. పాతదానికంటే అందంగా వచ్చింది. గొట్టాన్ని బల్లకు బిగించి, దూలం నుంచి సీసపుగుండు కట్టిన దారం వేలాడదీసి, మక్కీని ఆ దారానికి సరిగ్గా నిటారుగా నిలిపి టంకం పోశాడు. ఉస్తాద్ నేర్పింది నేర్పినట్టే చేశాడు.

తర్వాత దిబ్బ దగ్గరికి తీసుకుపోయి తనే కాల్చాడు. గుండ్లన్నీ కుడిపక్కకు పడ్డాయి.

అక్కడ ఆగి ఎందుకట్లా అని ఆలోచించాల్సింది. కనకాచారి గుండు పక్కకు పోవడమా! దారందే తప్పు, దూలం వంగి ఉంటుంది అనుకున్నాడు. దుకాణానికి వచ్చి టంకం కరిగించి, పీటను కాస్త కుడికి తిప్పి, మళ్ళీ పోసి, మళ్ళీ కాల్చాడు. ఈసారి గుండు మీద గుండు పడింది. "ఉస్తాద్ పెద్దోడైండు, దారం పాతదైంది" అని తనలో తను నవ్వుకున్నాడు కూడా.

మాన్కు వచ్చి రైఫిలు అటూ ఇటూ తిప్పి చూసుకుని సంబరపడ్డాడు. "ఒక గుండు ఏసి సూసుకుంట చారీ" అన్నాడు.

"ఎందుకు పటేలా, మందు దండుగ! నేను చూసిన గద. నా కన్ను చూసినంక ఇంకోల కన్ను చూసేదేమున్నది?"

మాన్కు నొచ్చుకోలేదు. అదీ నిజమేనని తలూపి, రైఫిలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

జొన్న కంకేసింది. పందులు దిగాయి. మాన్కు గుండు తప్పింది. మర్నాడు తప్పింది, ఆ తర్వాతా తప్పింది. పంటకాపు కాసే కుర్రవాళ్ళు మొహాలు చూసుకున్నారు. ఆయన రైఫిలు పట్టుకుని బజారుకు వచ్చి, "ఎడమకు పోతున్నది చారీ. ఎప్పుడేసినా ఎడమకే" అన్నాడు.

చూడండి, ఆ 'ఎప్పుడేసినా ఎడమకే' అన్న మాట చాలు, తెలిసినవాడికి. చెయ్యి వణికేవాడి గుండు, చూపు మందగించినవాడి గుండు నాలుగు దిక్కులా పోతుంది గానీ ఒక్క దిక్కే పట్టుకుని పోదు. కనకాచారికి ఆ సంగతి తెలియక కాదు. వినబుద్ధి కాలేదు.

"నడువు, చూద్దాం" అని దిబ్బ దగ్గరికి తీసుకుపోయాడు. సంత రోజు కావడంతో వెంట జనం పడ్డారు. కర్రకు కొబ్బరిచిప్ప తగిలించి, వంద అడుగులు వెనక్కి నడిచి, చెంప ఆనించి కాల్చాడు. చిప్ప ముక్కలై ఎగిరిపోయింది. జనం ఈలలు వేశారు.

అప్పుడన్నా ఊరుకోవచ్చు గదా! ఈలలు వింటే కొందరికి ఒళ్ళు తెలియదు. రైఫిలు మాన్కు చేతిలో పెడుతూ, అందరికీ వినపడేటట్టు, "తుపాకీకి ఏ రోగం లేదు పటేలా. వయసుకు మరమ్మతు మా దుకాణంలో చెయ్యరు!" అన్నాడు.

బజారు బజారంతా పగలబడి నవ్వింది. మాన్కు కూడా నవ్వాడు. నవ్వుతూనే కాసేపు తన అరచేతులు చూసుకుని, రైఫిలు గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట నిర్మల్లో కొన్నాళ్ళు చాయ్‌తోపాటు తిరిగింది. ఎవరైనా ముసలాయన తడబడితే చాలు, వయసుకు మరమ్మతు లేదనేవాళ్ళు. కనకాచారికి అది గొప్పగా ఉండేది.

దసరా పోయాక ఉస్తాద్ తిరిగొచ్చాడు. ఆ వారం సంతకే మాన్కు పటేల్ వచ్చి దుకాణం ముందు నిలబడ్డాడు. మనిషి సగం అయిపోయాడు. గుమ్మం ఎక్కేటప్పుడు కాలితో తడిమి తడిమి ఎక్కాడు.

"సాయబూ, దీన్ని ఎవలకన్న అమ్మిపెట్టు" అని గుడ్డ చుట్టిన రైఫిలు బల్లమీద పెట్టాడు.

"నీ రైఫిలా? ఎందుకు పటేలా?"

"నాకు కన్ను పోయింది సాయబూ."

"కన్ను పోయిందని ఎవలు చెప్పిన్రు?"

మాన్కు కనకాచారి వైపు తిరిగాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేది!

"మీ చారే చెప్పిండు. మంచిగనే చెప్పిండు. చెప్పకుంటే నేను ఇంకా అడవిల తుపాకి పట్టుకుని తిరుగుతుంటి. ఏ పిలగానికో తగిలితే ఏమైతుండె? చారీ, నువ్వు మంచిపని చేసినవు బిడ్డా" అన్నాడు.

ఉస్తాద్ ఒక్క ప్రశ్న అడిగాడు. "తప్పిన గుండ్లు ఎటు పోయినయి పటేలా?"

"ఎడమకు. అన్నీ ఎడమకే."

ఉస్తాద్ కనకాచారి వైపు చూడలేదు. మాన్కును చెయ్యి పట్టుకుని బయటి బల్లమీద కూర్చోబెట్టి, ఎదురు హోటలుకు చాయ్ చెప్పాడు. లోపలికి వచ్చి గుడ్డ విప్పి, రైఫిల్లో గుండు లేదని చూసుకుని, మక్కీ పీట మీద బొటనవేలు రాశాడు.

"పీట నువ్వు చేసిందేనా?"

"నేనే ఉస్తాద్."

"మంచిగ రాకినవు."

ఉస్తాద్ మెచ్చుకోవడం మామూలుగా జరిగే పని కాదు. మెచ్చుకున్నాడంటే వెనక ఏదో వస్తున్నదని అతనికి తెలుసు.

"భుజానికి పెట్టు" అన్నాడు ఉస్తాద్, రైఫిలు అందిస్తూ. "ఆ సున్నం గోడ దిక్కు చూడు. మక్కీ ఎట్ల ఉన్నది?"

కనకాచారి రైఫిలు భుజానికి ఆనించి, చెంప వాల్చి చూశాడు. తెల్లగోడ మీద మక్కీ నల్లగా, స్తంభంలా నిలబడి ఉంది.

"నిటారుగ ఉన్నది ఉస్తాద్."

ఉస్తాద్ అతని వెనక్కి వచ్చి నిలబడ్డాడు. రెండు అరచేతులతో అతని తలను పట్టుకున్నాడు, మంగలి పట్టుకున్నట్టు. మెల్లగా తలను కుడిభుజం మీద నుంచి లేపాడు. తలతోపాటు కుడికి ఒరిగి ఉన్న రైఫిలు మాత్రం ఒరిగినట్టే ఉండిపోయింది. తల మెడమీద సరిగ్గా కూర్చున్నాక అరచేతులు తియ్యకుండా, "ఇప్పుడు?" అన్నాడు.

మక్కీ కుడికి ఒరిగిపోయి ఉంది.

కనకాచారి కళ్ళు మూసి తెరిచాడు. అలాగే ఉంది. ఉస్తాద్ చేతులు తియ్యగానే, అడగకుండానే, అతని తల మళ్ళీ కుడికి వాలింది. మక్కీ మళ్ళీ స్తంభంలా నిలబడింది.

ఇన్నేళ్ళూ అతను తల వాల్చే కాల్చాడు. తన తుపాకీ తన తలతో ఒరగడం నేర్చుకుంది, గుండు చక్కగా పోతూ వచ్చింది. ఒరిగిన తుపాకీ గుండు ఒరిగిన దిక్కే పోతుంది; అది చూసి పీటను తిప్పి, ఇప్పుడు ఇంకొకరి తుపాకీకి కూడా తన ఒంకరే అంటగట్టాడు. నిటారుగా పట్టుకున్న మనిషికి అది తప్పుతుంది. తప్పక ఏం చేస్తుంది? దారం చెప్పింది నిజమే. కొబ్బరిచిప్ప పగిలిందీ నిజమే. ఆ రెండు నిజాల మధ్య ఒక ముసలాయన బజార్లో నవ్వులపాలయ్యాడు. తనే నవ్వించాడు. నేల చీలితే బాగుండునని జనం అంటుంటారే, అది ఊరికే అనే మాట కాదని అతనికి ఆ పూట తెలిసింది.

వాకిట్లో మాన్కు చాయ్ గ్లాసును రెండు చేతులా పట్టుకుని, ఒలుకుతుందేమోనన్నంత జాగ్రత్తగా తాగుతున్నాడు.

"ఉస్తాద్, చిటికెల సరిచేస్త" అన్నాడు కనకాచారి, గుసగుసగా. "టంకం కరిగించుడే గద. పీట కదిలిందని చెప్త. వానకు సడలిందని..."

"తుపాకి చిటికెల సరైతది బేటా" అన్నాడు ఉస్తాద్. "ఆయన కన్ను ఎట్ల సరిచేస్తవు?"

ఉస్తాద్ పక్కకు జరిగి గుమ్మానికి దారి ఇచ్చాడు.

దుకాణం లోపల్నుంచి వాకిట్లోకి మూడు మెట్లు. రోజూ ఎక్కి దిగే మెట్లే. ఆ రోజు అతని కాళ్ళు తీసుకుపోలేదు, అతనే కాళ్ళను ఈడ్చుకుపోయాడు. సంత నిండుగా ఉంది. హోటలు ముందు ఆనాడు ఈలలు వేసినవాళ్ళే కూర్చుని ఉన్నారు. రైఫిలు పట్టుకుని చారి బయటికి రావడం చూసి, మళ్ళీ ఏదో తమాషా అనుకుని ఒకరిద్దరు లేచి వచ్చారు.

"పటేలా" అన్నాడు. మళ్ళీ అన్నాడు. "పటేలా, నీ కన్నుకు ఏం కాలె. తప్పు నాది."

మాన్కుకు అర్థం కాలేదు. "ఏంది బిడ్డా?"

"పీట ఒంకరగ పెట్టిన. దారం సరిగనే చెప్పింది, నేను ఇనలె. నేను తల వాల్చి కాలుస్త, నాకు సరిపడేటట్టు తిప్పిన. నువ్వు ఎడమకు పోతున్నదని చెప్పినవు గద, అప్పుడన్న చూడాల్సి ఉండె. చూడలె. నలుగురిల నిన్ను నవ్వులపాలు చేసిన." ఇంకా ఏదో చెప్పబోయాడు గానీ ఏడుపు అడ్డం వచ్చింది. ఇంత వయసొచ్చి బజార్లో ఏడ్చేశాడు.

హోటలు ముందు ఒక్కరూ నవ్వలేదు. నవ్వితేనే తేలికగా ఉండేది.

మాన్కు చాయ్ గ్లాసు పక్కన పెట్టాడు. తిడతాడని కనకాచారి ఎదురుచూశాడు, నిజం చెప్పాలంటే తిట్టమని కోరుకున్నాడు.

"అంటే..." అన్నాడు మాన్కు మెల్లగా. "అంటే నా కన్ను మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నది పటేలా."

"నిజంగ?"

"నా పిల్లల మీద ఒట్టు."

మాన్కు తల ఎత్తి ఎదుటి కొట్టు చూశాడు, కొట్టు మీద వాలిన కాకిని చూశాడు, ఆ వెనక దూరంగా కనిపించే గుట్టను చూశాడు. రెండు కళ్ళనూ అరచేతులతో తుడుచుకుని మళ్ళీ చూశాడు.

ఆ పూటే కొలిమి రాజేశారు. ఉస్తాద్ దగ్గరికి రాలేదు, ముక్కాలిపీట వేసుకుని దూరంగా కూర్చున్నాడు. మాన్కు చూస్తుండగానే కనకాచారి టంకం కరిగించి, పీటను వెనక్కి తిప్పి, దారానికి సరిచూసి నిలిపాడు. తర్వాత అందరూ దిబ్బ దగ్గరికి వెళ్ళారు. కర్రకు పెట్టడానికి ఎవరో మట్టిమూకుడు తెచ్చారు.

"నువ్వే కాల్చు పటేలా" అన్నాడు కనకాచారి.

మాన్కు రైఫిలు ఎత్తాడు. కళ్ళమీద నమ్మకం పోయినవాడికి వెంటనే కాల్చబుద్ధవుతుందా మరి! రైఫిలు దించి, ఊపిరి తీసుకుని, మళ్ళీ ఎత్తాడు. ఆయన తల తాటిబోదెలా నిటారుగా ఉంది. మూకుడు పగిలింది. ఇంకోటి పెట్టారు, అదీ పగిలింది. జనం అరిచారు. మాన్కు అరవలేదు, నవ్వలేదు. రైఫిలు ఒళ్ళో పెట్టుకుని దిబ్బ పక్కనే చతికిలబడ్డాడు.

కనకాచారి వెళ్ళి ఆయన ముందు కూర్చున్నాడు. "ఒక దెబ్బ కొట్టు పటేలా" అన్నాడు.

"కొడితే ఏమొస్తది బిడ్డా?" అన్నాడు మాన్కు. "నా మనుమరాలున్నది. వాగు అవతల బడికి పోతది. పొద్దుగాల నేనే చెయ్యి పట్టి దాటించేటోన్ని. కన్ను పోయినోని చేతికి పిల్లనెట్ల ఇస్తమని కోడలు అన్నది. కోడలిదేం తప్పు లేదు, నాకు గూడ బుగులే అయింది. ఇప్పుడు వాగు పొంగిననాడు పిల్ల ఇంటికాడనే ఉంటున్నది. తాతా నువ్వు రావా అంటది. కండ్లు లేవు బిడ్డా అంటున్న."

కనకాచారికి తల కొట్టేసినట్టయింది. బజార్లో నలుగురు నవ్విన నవ్వు ఒక్కటే తన పాపం అనుకున్నాడు ఇంతసేపూ. అది కొండను అద్దంలో చూడడమే అయింది.

మాన్కు తీరిగ్గా రైఫిలు తుడుచుకుని, లేచి ఒళ్ళు దులుపుకున్నాడు. "ఈ మాట ఇక్కడ చెప్పినవు, మంచిదే. ఇక్కడోళ్ళకు తెలిసింది. మా గూడెంల ఎవలకు తెలుస్తది? నేను చెప్తే, ముసలోడు పరువు కోసం అబద్ధమాడుతున్నడు అంటరు. నా కోడలు నమ్మదు. నువ్వు వచ్చి చెప్పాలె చారీ. నువ్వే చెప్పాలె."

గూడేనికి పోవాలంటే అడవి దారిన నడక. అక్కడ కుర్రవాళ్ళు ఉంటారు, ఆడవాళ్ళు ఉంటారు, ఆ కోడలు ఉంటుంది, వాగు దాటలేక ఇంట్లో ఆగిపోయిన ఆ పిల్ల ఉంటుంది. వాళ్ళందరి ముందు నిలబడి ఇదంతా మొదటి నుంచీ మళ్ళీ చెప్పాలి. బజారు వాళ్ళయితే తెలిసినవాళ్ళు, నాలుగు రోజులకు మర్చిపోతారు. కనకాచారి రేపు వస్తాననడానికి నోరు తెరిచాడు. కొలిమిలో పని ఉందనో, ఇంట్లో చెప్పి రావాలనో ఏదో నాలుక చివరిదాకా వచ్చింది. ఏదన్నా ఒక మాట అడ్డం వేస్తాడేమోనని ఉస్తాద్ కోసం వెనక్కి తిరిగి చూశాడు.

ఉస్తాద్ అక్కడ లేడు, మనుమరాలి మాట వినగానే వెళ్ళిపోయాడు. ఇప్పుడు దుకాణం వైపు నుంచి వస్తున్నాడు. ఆదరాబాదరాగా దిబ్బకు వచ్చేటప్పుడు కనకాచారి చెప్పులు వేసుకోలేదు. అవి ఉస్తాద్ చేతిలో ఉన్నాయి. తెల్లగడ్డం మనిషి, అంత దూరం ఎండలో పట్టుకుని వచ్చి, జనమంతా చూస్తుండగా వంగి, ఆ చెప్పులను తన శిష్యుడి కాళ్ళ ముందు సరిగ్గా జతచేసి పెట్టాడు.

"పో బేటా" అన్నాడు. "బడి ఇడిచే యాళ్ళకు వాగుకాడికి చేరుకుంటరు."